మొండి రక్తపోటు, కిడ్నీ నరాల చికిత్స

మధుమేహంతో మూత్రపిండాలు దెబ్బతిన్న రోగిలో రక్తపోటు మూడు నాలుగు రకాల మందులకు కూడా లొంగకుండా 160 దగ్గరే నిలిచిపోవడం వైద్యులకు తరచుగా ఎదురయ్యే చిక్కు. అటువంటి మొండి రక్తపోటును దించడానికి, మూత్రపిండాలకు పోయే సన్నని నరాలను కడుపు కోయకుండా రక్తనాళం లోపలినుంచే వేడితో చచ్చుబడేలా చేసే చికిత్స ఒకటి ఉన్నది. అది 2009లో వెలుగులోకి వచ్చి, 2014లో దాదాపు మూలపడి, తిరిగి నిలదొక్కుకొని, 2023 నవంబరులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదం పొందింది. ‘బీపీకి ఆపరేషన్’ అనే పేరుతో ఈ వార్త సెల్‌ఫోన్ వీడియోల ద్వారా ఊరూరా పాకుతున్నందువల్ల, షుగరు, బీపీ రెండూ ఉన్న కుటుంబాలు ఎక్కువవుతున్న కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో దీని నిజమైన శక్తి ఎంతో, హద్దు ఎక్కడో తెలియవలసిన అవసరం ఏర్పడింది.

మూత్రపిండం రక్తాన్ని వడపోసే అవయవం మాత్రమే కాదు, శరీరంలోని రక్తపోటును నిర్ణయించే కేంద్రాల్లో ఒకటి కూడా. పొట్టలోని బృహద్ధమని నుంచి ఇరువైపులా చీలి మూత్రపిండాలకు చేరే ధమనుల వెలుపలి పొరను ఆనుకొని, సహానుభూత నాడీవ్యవస్థకు చెందిన సన్నని నరాలు అల్లుకొని ఉంటాయి. భయం కలిగినప్పుడు, బరువు పని చేసినప్పుడు, రక్తం పోయినప్పుడు గుండె వేగాన్ని పెంచి నాళాలను బిగించే వ్యవస్థ ఇదే. ఈ నరాలు ఉత్తేజం పొందినప్పుడు మూత్రపిండం రెనిన్ అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతుంది. ఆ రెనిన్ వల్ల పుట్టే ఆంజియోటెన్సిన్ నాళాలను మరింత బిగిస్తుంది. మూత్రంలో పోవలసిన ఉప్పు, దానితోపాటు నీరు ఒంట్లోనే ఆగిపోతాయి. మరికొన్ని నరాలు ఎదురుదారిలో, దెబ్బతిన్న మూత్రపిండం నుంచి మెదడుకు సంకేతాలు మోసుకుపోయి శరీరమంతటా ఈ బిగింపును పెంచుతాయి. అధిక రక్తపోటు మూత్రపిండాన్ని పాడుచేస్తే, పాడైన మూత్రపిండం తిరిగి రక్తపోటును ఎగదోస్తుందన్న మాట.

మధుమేహంలో ఈ వలయం మరింత గట్టిపడుతుంది. ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు 10 లక్షలున్న వడపోత గుచ్ఛాల్లో ఏళ్ల తరబడి చక్కెర హెచ్చుగా ఉన్న రక్తం, హెచ్చు ఒత్తిడితో ప్రవహించడం వల్ల వాటి గోడలు మందమై, మచ్చకట్టి, రక్తంలో నిలవవలసిన ఆల్బుమిన్ అనే మాంసకృత్తు మూత్రంలోకి జారిపోవడం మొదలవుతుంది. పాల్ కిమ్మెల్‌స్టీల్, క్లిఫర్డ్ విల్సన్ అనే ఇద్దరు వైద్యులు 1936లో ఈ మచ్చలను వర్ణించారు. మూత్రంలో క్రియాటినిన్ అనే వ్యర్థపదార్థం ఒక గ్రాముకు 30 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఆల్బుమిన్ పదేపదే కనిపిస్తే అది జబ్బుకు తొలి గుర్తు. అప్పటికి రోగికి కాళ్ల వాపు ఉండదు, ఆకలి తగ్గదు, నొప్పి ఉండదు. ఆ మౌనమే ఈ జబ్బులో అన్నిటికంటే ప్రమాదకరమైన సంగతి.

నరాలను తెంచి రక్తపోటును దించాలన్న ఆలోచన కొత్తది కాదు. ఉదర భాగంలోని సహానుభూత నరాన్ని తెంపితే ఆ వైపు మూత్రపిండం ఎక్కువ మూత్రాన్ని విసర్జిస్తుందని ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ 1859లోనే గమనించాడు. రక్తపోటుకు పనికివచ్చే మాత్ర ఏదీ లేని 1930, 1940 దశకాల్లో అమెరికాలో రెజినాల్డ్ స్మిత్‌విక్ వంటి శస్త్రవైద్యులు వెన్నెముక పక్కనున్న నరాలను పెద్ద కోతతో తొలగించేవారు. 1953లో ఆయన బృందం ప్రచురించిన లెక్కలో అటువంటి రోగులే 1,266 మంది. చాలామంది ప్రాణాలు నిలిచినా, లేచి నిలబడితే కళ్లు తిరిగి పడిపోవడం వంటి బాధలు జీవితాంతం వెన్నాడేవి. అదే కాలంలో భారతదేశంలో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్, మన వైద్యంలో ఏనాటినుంచో వాడుకలో ఉన్న సర్పగంధ వేరు రక్తపోటును దించుతుందని 1949లో బ్రిటిష్ వైద్యపత్రికలో నిరూపించి ప్రపంచం దృష్టిని ఆకర్షించాడు. ఆ వేరునుంచి తీసిన రెసర్పిన్ పనిచేసేది కూడా ఈ సహానుభూత నరాలమీదనే కావడం గమనార్హం. 1950ల చివరికి మూత్రాన్ని పెంచే మాత్రలు రావడంతో కోత అవసరం తీరిపోయింది.

ఆ పాత ఆలోచనకు కొత్త ఊపిరి పోసినది ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్. అక్కడి హెన్రీ క్రమ్, అతని సహచరులు 2009లో 45 మంది రోగులపై చేసిన తొలి ప్రయత్నాన్ని ప్రకటించారు. గజ్జ దగ్గరి ధమనిలో చిన్న రంధ్రం చేసి, ఎక్స్-రే తెరపై చూస్తూ సన్నని గొట్టాన్ని మూత్రపిండ ధమని దాకా నడిపిస్తారు. రంగుమందు ఎక్కించి నాళం ఆకారాన్ని చూస్తారు. గొట్టం కొసనున్న ఎలక్ట్రోడ్‌ను నాళం గోడకు ఆనించి రేడియో తరంగాలతో వేడిని పుట్టిస్తారు. ఆ వేడి గోడను దాటి వెలుపలి పొరలోని నరాలను మాడుస్తుంది. ఇప్పటి పరికరాల్లో ఒకదానికి నాలుగు ఎలక్ట్రోడ్లు సర్పిలాకారంలో ఉండి, ఒక్కొక్క చోట సుమారు 60 సెకన్లు పనిచేస్తాయి. మరొకటి ధ్వనితరంగాలను వాడి ఒక్కో విడతలో 7 సెకన్లలో నాళం చుట్టూ ఒకేసారి వేడిని ప్రసరింపజేస్తుంది. ఆ కొద్దిసేపు నాళం లోపలి గోడ కాలిపోకుండా చల్లని నీరు నిండిన బుడగ కాపాడుతుంది. వేడి తగిలిన క్షణాల్లో రోగికి నడుములో, పొట్టలో నొప్పి వస్తుంది కాబట్టి మత్తు, నొప్పి తగ్గించే మందు తప్పనిసరిగా ఇస్తారు.

2010లో వెలువడిన రెండవ పరీక్షలో 106 మంది పాల్గొనగా, చికిత్స పొందినవారిలో ఆరు నెలలకు రక్తపోటు పైఅంకె సగటున 32 మిల్లీమీటర్లు పడిపోయినట్టు తేలింది. ఏ మాత్రా సాధించలేని ఆ అంకె చూసి ఐరోపాలో వేలమందికి ఈ చికిత్స జరిగింది. కానీ ఆ పరీక్షలో ఒక లోపం ఉన్నది: ఎవరికి చికిత్స జరిగిందో రోగికీ తెలుసు, వైద్యుడికీ తెలుసు. తనకు గొప్ప చికిత్స జరిగిందని నమ్మిన మనిషి మందులు క్రమంగా వేసుకుంటాడు, ఉప్పు తగ్గిస్తాడు, ఆందోళన తగ్గి రక్తపోటు కొంత దానంతట అదే దిగుతుంది. కొలిచే చేయి కూడా తెలియకుండానే అటువైపు మొగ్గుతుంది.

అందువల్ల అమెరికాలో 535 మందితో జరిపి 2014లో ఫలితాలు ప్రకటించిన మూడవ పరీక్షలో, ముగ్గురిలో ఇద్దరికి నిజమైన చికిత్స, ఒకరికి ఉత్తుత్తి చికిత్స చేశారు. అంటే ఆ మూడవ వ్యక్తికి కూడా గజ్జలో గొట్టం పెట్టి, రంగుమందుతో చిత్రం తీసి, మత్తులో ఉంచి, వేడి మాత్రం ఇవ్వకుండా పంపించారు. చికిత్స పొందినవారిలో పైఅంకె 14 మిల్లీమీటర్లు దిగింది. ఉత్తుత్తి చికిత్స పొందినవారిలోనూ దాదాపు 12 మిల్లీమీటర్లు దిగింది. రెండింటి మధ్య తేడా లెక్కకు నిలిచేది కాకపోవడంతో, కోట్ల పెట్టుబడి పెట్టిన సంస్థలు ఒక్కసారిగా వెనుకంజ వేశాయి. వైద్యశాస్త్ర చరిత్రలో ఇటువంటి నిజాయితీ గల పరీక్షకు ఉన్న విలువ ఎంత చెప్పినా తక్కువే. ఉత్తుత్తి చికిత్స పొందిన ఆ రోగులు లేకపోయినట్లయితే, 32 అన్న అంకె నేటికీ ప్రకటనల్లో వెలుగుతూ ఉండేది.

ఆ వైఫల్యాన్ని శాస్త్రజ్ఞులు అక్కడితో వదలలేదు. చికిత్స చేసిన వైద్యుల్లో చాలామందికి అనుభవం లేదని, నాళం చుట్టూ అన్ని వైపులా వేడి అందలేదని, మధ్యలో మందులు మారిపోయాయని తేలడంతో పరికరాలను, పరీక్షలను మళ్లీ రూపొందించారు. 2018 నుంచి 2023 వరకు వచ్చిన పరీక్షల్లో, అన్నిటా ఉత్తుత్తి చికిత్సతో పోల్చి చూసిన మీదట, నిజమైన చికిత్సవల్ల అదనంగా తగ్గేది పగటి సగటు లేదా 24 గంటల సగటులో 4 నుంచి 6 మిల్లీమీటర్లని చాలా పరీక్షల్లో స్థిరపడింది. మూడు మందులు కలిపిన ఒకే మాత్ర వాడుతున్న 136 మందిపై జరిపి 2021లో ప్రకటించిన పరీక్షలో ఆ తేడా 4.5 మిల్లీమీటర్లు. ఇది చిన్నదే అయినా తీసివేయదగినది కాదు. పైఅంకె 5 మిల్లీమీటర్లు తగ్గితే గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ఆపదలు సుమారు పదోవంతు తగ్గుతాయని అనేక పరీక్షలను కలిపి చేసిన విశ్లేషణ 2021లో తేల్చింది. అయితే ఈ చికిత్స రక్తపోటును మాన్పదు, మందులను పూర్తిగా ఆపనివ్వదు. ఎవరిలో బాగా పనిచేస్తుందో, ఎవరిలో అసలే పనిచేయదో ముందుగా చెప్పగల పరీక్ష ఇంతవరకు లేదు.

మధుమేహపు మూత్రపిండ జబ్బు ఉన్నవారి విషయానికి వస్తే, ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటున్నది. వారిలోనే సహానుభూత నరాల ఉద్రేకం ఎక్కువ, వారికే మొండి రక్తపోటు ఎక్కువ. అయినా పెద్ద పరీక్షల్లో వారిలో చాలామందికి చోటు దొరకలేదు. మూత్రపిండం నిమిషానికి ఎంత రక్తాన్ని శుద్ధి చేస్తున్నదో అంచనా వేసే అంకెను ఈజీఎఫ్‌ఆర్ అంటారు. అది 40 లేదా 45 కంటే తక్కువ ఉన్నవారిని, తరచుగా చిన్నప్పుడే మొదలయ్యే మొదటి రకం మధుమేహం ఉన్నవారిని ఆ పరీక్షలనుంచి తప్పించారు. ఐరోపా హృద్రోగ వైద్యుల సంఘం 2024లో వెలువరించిన మార్గదర్శకాలు కూడా ఈజీఎఫ్‌ఆర్ 40 కంటే తక్కువ ఉంటే ఈ చికిత్స వద్దనే చెప్పాయి. అంతకంటే ముదిరిన జబ్బులో పదిహేను మందిపై చేసినటువంటి చిన్న అధ్యయనాలు మూత్రపిండానికి కీడు జరగలేదని సూచించాయే తప్ప, డయాలిసిస్‌ను వాయిదా వేయగలదని నిరూపించలేదు. ఈ చికిత్సతో షుగరు కూడా అదుపులోకి వస్తుందని 2011లో పుట్టిన ఆశ తర్వాతి అధ్యయనాల్లో నిలబడలేదు.

ఇటువంటి రోగులకు ప్రత్యేకమైన ప్రమాదాలూ కొన్ని ఉన్నాయి. రంగుమందు బలహీనమైన మూత్రపిండాన్ని మరింత కుంగదీయవచ్చు; ఏళ్లనాటి షుగరుతో ధమనుల్లో కొవ్వు, సున్నం పేరుకొని ఉంటే గొట్టం నడిపేటప్పుడు గోడ చిట్లవచ్చు; షుగరువల్ల అప్పటికే నరాలు దెబ్బతిని, కూర్చున్నప్పుడు 170 ఉన్న రక్తపోటు నిలబడగానే 120కి పడిపోయే రోగికి మరికొంత తగ్గించడం మేలో కీడో జాగ్రత్తగా తూచుకోవాలి. అందుకే షుగరు రోగికి రక్తపోటును కూర్చోబెట్టీ, నిలబెట్టీ రెండు విధాలా కొలవాలి. ఎంత చిన్న ఆసుపత్రిలోనైనా ఒక్క పైసా ఖర్చు లేకుండా చేయదగిన ఈ పనిని చాలాచోట్ల చేయకపోవడం విచారకరం.

పరీక్షలన్నీ నేర్పిన పెద్ద పాఠం మరొకటి ఉన్నది. మొండి రక్తపోటు అనుకొని వచ్చినవారి మూత్రాన్ని పరీక్షిస్తే, మూడోవంతు నుంచి సగం మంది దాకా రాసిచ్చిన మందులను పూర్తిగా వేసుకోవడం లేదని అనేక దేశాల్లో తేలింది. ఉత్తర తెలంగాణలో దీనికి కారణాలు రోగి అశ్రద్ధలో కంటే బతుకుతెరువులోనే ఎక్కువగా కనిపిస్తాయి. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాలనుంచి గల్ఫ్‌కు పోయిన కార్మికుడు అక్కడి ఎండలో పనిచేస్తూ, తెచ్చుకున్న గోలీలు అయిపోతే సెలవుమీద ఇంటికి వచ్చేదాకా ఊరుకుంటాడు. గోదావరిఖని, శ్రీరాంపూర్ బొగ్గుబావుల్లో షిఫ్టు మారినప్పుడల్లా నిద్రవేళ, తిండివేళ, మందువేళ మూడూ తారుమారవుతాయి. ఉట్నూరు దాటి లోపలి గూడేల్లో ఉండే గోండు, కొలాం కుటుంబాలకు నెలకొకసారి మందులకోసం వచ్చిపోవడమంటే ఒక రోజు కూలి పోగొట్టుకోవడమే. బీపీ దిగిందని చెప్పగానే ‘ఇగ తక్కువైంది గదా’ అని గోలీ బంద్ పెట్టడం ఊరూరా వినవచ్చే సంగతి. తక్కువైనది ఆ గోలీ వల్లనే అన్న మాట రోగికి ఓపికగా చెప్పే మనిషి దొరకడం అరుదు.

మందును వమ్ముచేసే మరో అలవాటు నొప్పుల గోలీ. రోజంతా వంగి బీడీలు చుట్టే మహిళలకు, పత్తి ఏరే కూలీలకు, మరమగ్గాల దగ్గర నిలబడే కార్మికులకు మెడ, నడుము, మోకాళ్ల నొప్పులు తప్పవు. ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చే డైక్లోఫినాక్ సూది, దుకాణంలో అడగగానే దొరికే గోలీ ఆ పూటకు ఉపశమనాన్నిస్తాయి. అవే మందులు ఒంట్లో ఉప్పును నిలిపి రక్తపోటును పెంచుతాయి, మూత్రపిండానికి చేరే రక్తాన్ని తగ్గిస్తాయి, బీపీకి వాడే ప్రధానమైన మందుల ప్రభావాన్ని చెరుపుతాయి. అటువంటి రోగికి నరాల చికిత్స చేసినా గోలీ ఆగనంత వరకు ఫలితం దక్కదు. మామిడి తొక్కు, ఎండుచేపలు, అప్పడాల ద్వారా లోపలికి పోయే ఉప్పు కూడా ఇదే పని చేస్తుంది. దానికి బదులు వాడమని ఇటీవల అమ్ముతున్న తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది కాబట్టి, మూత్రపిండాలు దెబ్బతిన్నవారు వైద్యుణ్ణి అడగకుండా దాని జోలికి పోరాదు.

కాబట్టి మొండి రక్తపోటు అని తీర్మానించేముందు కొలత సరిగా ఉన్నదో లేదో చూడాలి. బస్సు దిగి ఆయాసంతో వచ్చిన మనిషిని వెంటనే కొలవకుండా, వీపుకు ఆనుడు, కాళ్లు నేలమీద ఉండేలా అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టి, చేతి లావుకు తగిన పట్టీని చొక్కా మడతమీద కాక చర్మంమీదనే కట్టి, చేయి గుండె ఎత్తున ఉంచి రెండుసార్లు కొలవాలి. అంతకు అరగంట ముందు చాయ్, బీడీ, ఖైనీ ఉండకూడదు. ఇంట్లో వారంపాటు ఉదయం, సాయంత్రం కొలిచిన సగటు 135/85 లోపలే ఉంటే అది ఆసుపత్రిని చూసి పెరిగే రక్తపోటేనని అనుకోవచ్చు. దేశంలో రక్తపోటు నియంత్రణ కార్యక్రమం 2017 నవంబరులో అయిదు రాష్ట్రాల్లో మొదలైనప్పుడు వాటిలో తెలంగాణ ఒకటి. 2021 జూన్‌లో కరీంనగర్, ఆదిలాబాద్ సహా పలు జిల్లా కేంద్రాల్లో ప్రభుత్వ డయాగ్నొస్టిక్ కేంద్రాలు తెరుచుకున్నాయి. ఆదిలాబాద్ రిమ్స్ తోడుగా 2022, 2023 సంవత్సరాల్లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండం, కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. కొలతకు, క్రియాటినిన్ పరీక్షకు, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షకు హైదరాబాదు దాకా పోవలసిన కాలం పోవాలి.

మందుల విషయంలో మూత్రపిండ రోగులకు ఇవాళ ఉన్న బలం ఒకప్పుడు లేదు. ఆంజియోటెన్సిన్‌ను అడ్డుకునే లోసార్టన్ రెండవ రకం మధుమేహంలో మూత్రపిండాల క్షీణతను నెమ్మదింపజేస్తుందని 2001లో, షుగరును మూత్రంలోకి పంపే కనాగ్లిఫ్లోజిన్ 4,401 మందిపై అదే మేలు చేసిందని 2019లో రుజువైంది. ఆ కుటుంబానికే చెందిన డపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2020లో మనదేశంలో ముగియడంతో ధర బాగా దిగింది. అన్నిటికంటే గమనించదగినది క్లోర్‌థాలిడోన్. ఈజీఎఫ్‌ఆర్ 30 కంటే తక్కువకు పడిపోయినవారిలో మూత్రాన్ని పెంచే ఇటువంటి పాత మాత్రలు పనిచేయవని చాలాకాలం బోధించారు. అమెరికాలోని ఇండియానాలో రాజీవ్ అగర్వాల్ బృందం అటువంటి 160 మందిపై (వారిలో ముప్పాతిక మందికి మధుమేహం ఉన్నది) దాన్ని పరీక్షించి 2021లో ఫలితం ప్రకటించింది: పన్నెండు వారాలకు 24 గంటల సగటు పైఅంకె, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికంటే 10 మిల్లీమీటర్లకు పైగా తగ్గింది. నరాల చికిత్స ఇచ్చే మేలుకు ఇది దాదాపు రెట్టింపు. చవకగా దొరికే చిన్న మాత్ర, నరాల చికిత్స పరీక్షల్లో చోటు దొరకని రోగుల్లోనే ఇంత పని చేయడం వైద్యులూ రోగులూ గుర్తుంచుకోదగిన విషయం. సోడియం, పొటాషియం, క్రియాటినిన్‌లను మధ్యమధ్య పరీక్షించుకుంటూ వాడితేనే ఆ మేలు భద్రంగా దక్కుతుంది. రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాద్ వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలు తాకే రోజుల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మూత్రం మాత్రను, లోసార్టన్ వంటి మందును, డపాగ్లిఫ్లోజిన్‌ను ఆ రెండు మూడు రోజులు ఆపాలా వద్దా అన్నది ముందుగానే వైద్యుణ్ణి అడిగి తెలుసుకొని ఉండాలి.

ఇవన్నీ దాటిన తరువాత కూడా, మూత్రం మాత్రతో సహా మూడు మందులను తగిన మోతాదులో నిజంగా వేసుకుంటూ, నొప్పుల గోలీ మానేసి, మూత్రపిండ ధమని సన్నబడటం, అడ్రినల్ గ్రంథి దోషం, నిద్రలో శ్వాస ఆగడం వంటి ఇతర కారణాలు లేవని తేల్చుకొన్న తరువాత కూడా రక్తపోటు దిగని మనిషి తప్పక ఉంటాడు. అతని ఈజీఎఫ్‌ఆర్ 40కి పైన ఉన్నట్లయితే నరాల చికిత్స అతనికి ఆలోచించదగిన మార్గమే; దాన్ని మోసమని కొట్టిపారేయడం అన్యాయం. కానీ ఆ అంకె 25 ఉన్న రోగికి, డయాలిసిస్ తప్పుతుందన్న హామీతో, ఎకరం అమ్ముకొని ఈ చికిత్స చేయించుకోమని చెప్పడానికి నేటి శాస్త్రంలో ఆధారం లేదు. సలహా ఇచ్చిన వైద్యుణ్ణి, ఇది ఇంతకుముందు ఎంతమందికి చేశారు, తన ధమని వెడల్పు దీనికి సరిపోతుందా, రంగుమందు ఎంత వాడతారు, ముందూ వెనకా షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ గోలీ ఎన్ని రోజులు ఆపాలి అని అడిగే హక్కు రోగికి ఉన్నది. చికిత్స తరువాత బీపీ మందులు యథావిధిగా కొనసాగుతాయి. మొదటి వారాల్లో క్రియాటినిన్, ఆపైన ఆరు నెలలకు ధమని సన్నబడిందేమో చూసే డాప్లర్ స్కాన్, ఇంటి దగ్గర కొలిచి రాసుకున్న రక్తపోటు పుస్తకం చూసిన మీదటనే ఏ మందును తగ్గించవచ్చో వైద్యుడు నిర్ణయిస్తాడు.